అండి లేని భాష

ఎదురింటి బాబాయిగారు పోయారని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను రాజమండ్రిలో, ఆసుపత్రి వార్డులో ఒక పెద్దావిడకి సెలైన్ సీసా మారుస్తున్నాను.

"పొద్దున్న లేవలేదంట. పిన్ని కాఫీ పట్టుకెళ్ళి తట్టి చూస్తే ఒళ్ళు చల్లగా ఉందంట. నువ్వు రావాలే," అంది అమ్మ. ఆ "రావాలే" అన్న మాటని కొంచెం ఒత్తి అంది. ఎందుకు ఒత్తిందో నాకు తెలుసు. చాలాకాలంగా నేను ఊరెళ్ళినా ఆ ఇంటి గుమ్మం ఎక్కడం లేదు.

అప్పుడు ఏడుపు రాలేదు. బస్సెక్కి, మండపేట దాటాక వచ్చింది. దాంతోపాటు పాత కోపం కూడా వచ్చింది. పోయినవాళ్ళ మీద కోపం ఉంచుకోకూడదని పెద్దలంటారు. నాకు మాత్రం రెండూ కలిసే వచ్చాయి, ఈ పూటకీ కలిసే ఉన్నాయి. ఆయన నాకు చేసిన మేలు చెప్పాలంటే మోసం కూడా చెప్పాల్సిందే. చదివేవాళ్ళు మన్నించాలి.

బాబాయిగారు మాకు చుట్టం కాదు. రామచంద్రపురంలో కాలవ పక్క వీధిలో మా ఇళ్ళు ఎదురెదురు. మేము చర్చికి వెళ్ళేవాళ్ళం, వాళ్ళు ఏటా అన్నవరం వెళ్ళి వ్రతం చేయించుకొచ్చేవాళ్ళు. అయినా నాకు మాటలొచ్చిన దగ్గర్నుంచీ ఆయన బాబాయిగారే, ఆవిడ పిన్నే. వాళ్ళకి పిల్లల్లేరు. వయసులో ఉండగా ఆయన జపాను వాళ్ళ సరుకు ఓడలో, ఇంజన్ గదిలో మెకానిక్‌గా చాలా ఏళ్ళు పనిచేశారు. అందుకే ఊళ్ళో అందరికీ జపాను బాబాయిగారు.

చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న స్పానరు ఉండేది. ఎవరింటికి వెళ్ళినా ముందు కుర్చీ ఊపి చూసేవారు. వదులుగా ఉంటే కూర్చునేవారు కాదు, బిగించి కూర్చునేవారు. మా చర్చిలో పెళ్ళికి భోజనానికొచ్చి బల్లలన్నీ బిగించి వెళ్ళిన మనిషి. గొంతు మాత్రం వీధి చివరిదాకా వినపడేది. ఇంజన్ల చప్పుడుకి చెవులు సగం పోయాయి. "మెల్లగా మాట్లాడితే ఆ గదిలో పక్కోడికి కూడా వినపడదే బుల్లీ. అరిచి చెప్పిందే మాట," అనేవారు. నన్ను బుల్లీ అనే పిలిచేవారు. మరీ ముద్దొస్తే "ఒసే బుల్లీ".

నర్సింగ్ చదువయ్యి ఉద్యోగంలో చేరాక, జపానులో వృద్ధాశ్రమాల్లో మనవాళ్ళకి పనులిస్తున్నారని మా ఆసుపత్రిలో అందరూ అనుకోవడం మొదలైంది. మా వార్డులో నాతో పనిచేసే స్నేహితురాలు, నేను ఇద్దరం వెళ్దామనుకున్నాం. మమ్మల్ని పంపే సంస్థవాళ్ళు ముందు మాట చూస్తామన్నారు. రాత పరీక్ష తరవాతట. జపనీస్ మాట్లాడటం వచ్చి ఉండాలి, ఏ కోర్సు అయినా పరవాలేదు అన్నారు. ఆ "ఏ కోర్సు అయినా" దగ్గరే నేను ఆగిపోయాను. నాకు తెలిసినవాళ్ళలో జపాను మాట వచ్చిన మనిషి ఒక్కరే కదా, ఆదివారం చర్చి నుంచి రాగానే ఎదురింటికెళ్ళాను.

"ఏ కోర్సులో చేరమంటారండి బాబాయిగారూ?"

ఆయన మొహం వెలిగిన తీరు నాకిప్పటికీ గుర్తుంది. అన్నేళ్ళలో ఆ భాష గురించి ఆయన్ని ఎవరూ ఏమీ అడిగి ఉండరు. "చూద్దాం పదవే. కొనేముందు ఇంజను స్టార్ట్ చేసి చూడాలి," అన్నారు.

అలా ఇద్దరం కోర్సులు చూడటానికి బయల్దేరాం. కాకినాడలో ఒక కంప్యూటర్ సెంటర్‌వాళ్ళు తొంభై రోజుల్లో గలగలా మాట్లాడిస్తామని బోర్డు పెట్టారు. అక్కడి మాస్టారితో బాబాయిగారు జపనీస్‌లో ఏదో అన్నారు. ఆయన నవ్వి, "కొంచెం మెల్లగా అనండి సార్," అని తెలుగులో అన్నాడు. మెల్లగా అన్నా జవాబు రాలేదు. బయటికొచ్చాక, "ఫోన్లో నేర్చుకుని నేర్పుతున్నాడే పాపం," అన్నారు బాబాయిగారు.

తరవాత హైదరాబాదు వాళ్ళ ఆన్‌లైన్ క్లాసు. మా అరుగు మీద నా ఫోన్లో ఉచితంగా ఒక క్లాసు విన్నాం. తెర నిండా తలకాయలు. నేను నోరు తెరవగానే, "అందరూ మైక్ ఆపుకోండి," అన్నారు టీచరు. బాబాయిగారు కడుపు పట్టుకుని నవ్వారు. "నోరు మూయించి మాట నేర్పుతారంట! ఏంటే ఇది!"

ఈ రెండుసార్లూ ఆయన చెప్పింది నిజమే. అందుకే మూడోసారి చెప్పింది కూడా నమ్మాను.

ఆ మూడోది రాజమండ్రిలో. భర్త ఉద్యోగం వల్ల జపానులో చాలాకాలం ఉండొచ్చిన ఒక మేడం మేడ మీద క్లాసులు చెబుతున్నారు. బాబాయిగారు, "నువ్వు కింద ఉండవే, మేమిద్దరం మాట్లాడుకుంటాం. నువ్వుంటే ఆవిడ మొహమాటపడుద్ది," అన్నారు. నేను కింద రోజ్‌మిల్క్ తాగుతూ నిలబడ్డాను. చాలాసేపటికి ఆయన మెట్లు దిగి వచ్చారు. వచ్చేటప్పుడు గోడ పట్టుకుని దిగారు. ఆ మనిషి దేన్నీ పట్టుకుని దిగడం అంతకుముందు నేను చూడలేదు.

"ఎలా ఉందండి?"

"వద్దమ్మా," అన్నారు. "ఆవిడకి పుస్తకం వచ్చు. మాట రాదు."

బస్సులో కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. ద్వారపూడి వచ్చాక నా వైపు తిరిగి, "నేనే చెప్తానే బుల్లీ. నాకంటే ఎవరు చెప్తారు నీకు?" అన్నారు. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది.

ఆ వానాకాలం, ఆ చలికాలం, సెలవు దొరికిన ప్రతి పూటా వాళ్ళింటి అరుగు మీద పాఠం. పుస్తకం లేదు, పలక లేదు. ఆయన సైకిల్ గొలుసుకి నూనె వేస్తూ అనేవారు, నేను తిరిగి అనాలి. తప్పంటే మళ్ళీ అనాలి. "మాట బోల్టు లాంటిదే. సగం తిప్పి వదిలెయ్యకు," అనేవారు. నేను ఏ వాక్యమైనా ముందు ఇంగ్లీషులో అనుకుని జపనీస్‌లోకి మార్చబోతే కేకలేసేవారు. "ఇంగ్లీషు మీదుగా ఎందుకే చుట్టూ తిరిగి వెళ్తావు? మనకి లాగే వాళ్ళకీ క్రియ చివర్లోనే. తెలుగు నుంచి నేరుగా దూకెయ్!" దూకాను. దూకితే నిజంగానే అవతలి గట్టు అందింది. ఆ సుఖం ఆయనే ఇచ్చారు, కాదనను.

"నేను" అనడానికి ఒరె అనాలి. నాకు నవ్వాగలేదు. మనం ఎదుటివాణ్ణి ఒరే అంటాం, వాళ్ళు తమని తామే ఒరె అనుకుంటారు! "నువ్వు" అంటే ఒమయె. అన్నం తిన్నావా అంటే "మెషి కుత్తా కా". ఇది ఆయనకి అన్నిటికంటే ఇష్టమైన మాట. నేను ఊళ్ళో ఉన్న రోజుల్లో పొద్దున్నే తలుపు తీసి వీధిలోకొచ్చి, మా ఇంటి వైపు తిరిగి, "ఒమయె, మెషి కుత్తా కా!" అని ఓడ మీంచి అరిచినట్టు అరిచేవారు. నేను వంటింట్లోంచే "కుత్తా!" అని అరిచేదాన్ని. మా అమ్మ చెవులు మూసుకునేది. పిన్ని మాత్రం గుమ్మంలో నిలబడి నవ్వుతుండేది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆయన్ని ఇంత హుషారుగా చూశానని అమ్మతో అందట.

సంస్థవాళ్ళు పిలిచిన రోజు కాకినాడ వెళ్ళాను. నా స్నేహితురాలు కూడా వచ్చింది. ఆమె బాబాయిగారు వద్దన్న రాజమండ్రి మేడం దగ్గరే చేరింది. పుస్తకం పట్టుకుని, పెదాలు కదుపుతూ, వణుకుతూ కూర్చుంది. నాకు మనసులో జాలేసింది.

నా వంతొచ్చింది. కంప్యూటర్ తెర మీద ఇద్దరున్నారు. ఒకరు అక్కడ వృద్ధాశ్రమం నడిపే పెద్దావిడ. పక్కన ఇంగ్లీషులో చెప్పే దుబాసీ అమ్మాయి. మీ గురించి చెప్పండి అన్నారు. నేను నిటారుగా కూర్చుని, గొంతు పెంచి, "ఒరె" అని మొదలుపెట్టాను. దుబాసీ అమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి. ఇంత బాగా మాట్లాడుతోందేమిటా అని ఆశ్చర్యపోతోందనుకుని ఇంకొంచెం గొంతు పెంచాను.

తరవాత, ఆశ్రమంలో ఒక ముసలావిడ భోజనం ముట్టుకోకుండా కూర్చుంది, మీరు దగ్గరికెళ్ళి ఏమని అడుగుతారు అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఇంత తేలికా! ముందుకి వంగి, ప్రేమగా, గట్టిగా అన్నాను.

"ఒమయె, మెషి కుత్తా కా!"

పెద్దావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె ఏదో చాలా మెల్లగా అంటే, దుబాసీ అమ్మాయి ఇంగ్లీషులో అడిగింది, ఎవరి దగ్గర నేర్చుకున్నారని. ఓడలో పనిచేసిన మా బాబాయిగారి దగ్గర అన్నాను. అలాగా అన్నట్టు ఇద్దరూ తలూపారు. తరవాత ఆ అమ్మాయి నొచ్చుకోకుండా చెప్పాలని ఎంతో కష్టపడి చెప్పింది. నేనన్న మాటలు ఆడవాళ్ళు అనరు. పెద్దవాళ్ళతో అసలు ఎవరూ అనరు. నాకు తెలుగులో అర్థమైంది ఇంతే: ఆ ముసలావిడ దగ్గరికెళ్ళి నేను "ఏయ్, కూడు మింగావా!" అన్నాను.

ఆ పూట నా స్నేహితురాలు ఎంపికైంది. తడబడుతూ, ఆగుతూ, చేతులు ఒళ్ళో పెట్టుకుని జవాబులు చెప్పిందట. ఆమె ఇప్పుడు అక్కడే ఉంది. అప్పుడప్పుడు మంచు ఫొటోలు పంపిస్తుంది.

మొదట నాకు బాబాయిగారి మీద కోపం రాలేదు. ఆయనకీ తెలియదనుకున్నాను. వచ్చిందే కదా నేర్పుతారు ఎవరైనా! ఎంపిక కాలేదండి అని మాత్రం చెప్పి, ఎందుకో చెప్పలేదు. ఆయన నొచ్చుకుంటారని. "మళ్ళీ పిలుస్తార్లేవే," అన్నారు, మొహం పక్కకి తిప్పి.

రాజమండ్రి మేడం దగ్గర చేరాను. మొదటి రోజునే ఆవిడ బోర్డు మీద దెస్ అని, మస్ అని రాశారు. "వాక్యం చివర ఇవి పెడితే మర్యాద. మన అండి లాంటివే. గోదావరి వాళ్ళకి ఇది నేర్పక్కర్లేదు, అలవాటే కదండీ," అన్నారు. తరవాత, పెద్దవాళ్ళని భోజనం చేశారా అని అడగడం ఎలాగో చెప్పారు. "మెషియగారిమషిత కా" అనాలట. "చూశారా, ఇందులో గారు కూడా ఉన్నారు," అన్నారు. క్లాసంతా నవ్వింది. నేను తప్ప. చిన్నపిల్లల్ని కూడా "రండి, కూర్చోండి" అనే గడ్డ మీద పుట్టి, అండి అన్నది లేని భాష నేర్చుకుని, దాంతో ముసలివాళ్ళకి సేవ చేస్తానని బయల్దేరాను!

క్లాసయ్యాక మేడం నన్ను ఆపారు.

"మీది రామచంద్రపురం కదండీ. ఓడలో పనిచేసిన ఒకాయన వచ్చారు, ఆయన అమ్మాయా?"

"ఎదురింటి అమ్మాయినండి."

"మరి ఇన్నాళ్ళు రాలేదేమండి? ఆయనకి ఆరోజే చెప్పాను కదా. మీరు మాట్లాడేది తోటి పనివాళ్ళు మాట్లాడుకునే మాటండి, అమ్మాయికి అది నేర్పకండి, ఉద్యోగం చెడగొడుతుంది, నా దగ్గర కూర్చోబెట్టండి అని. సరే అమ్మా, చెప్తానన్నారే. చెప్పలేదాండి?"

"లేదండి," అన్నాను.

ఆ రోజు మెట్లు ఎలా దిగానో, బస్సు ఎలా ఎక్కానో తెలియదు. తెలియక నేర్పడం వేరు. తెలిసి, నా మొహంలోకి చూసి, ఆవిడకి మాట రాదని చెప్పి, అన్నాళ్ళు అరుగు మీద కూర్చోబెట్టి అరిపించడం వేరు. నేను కాకినాడ బయల్దేరిన పొద్దున్న కూడా ఆయన గుమ్మంలోకొచ్చి, "బెదరకే, గట్టిగా మాట్లాడు," అన్నారు. అప్పటికీ తెలుసు.

ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా ఎదురింటికే వెళ్ళాను. ఆయన అరుగు మీద టేబుల్ ఫ్యాను విప్పి తుడుస్తున్నారు.

"ఆ మేడం మీకు ముందే చెప్పారంట కదండీ?"

ఏ మేడం అని అడగలేదు. రెక్క తుడుస్తూనే, "చెప్పింది," అన్నారు.

"మరి నాకెందుకు చెప్పలేదండి?"

చాలాసేపు తుడిచారు. పిన్ని లోపల్నుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. అప్పుడు ఆయన ఎన్నడూ లేనంత మెల్లగా, దగ్గరకి వంగితే తప్ప వినపడనంత మెల్లగా మాట్లాడారు.

"ఆవిడ నన్ను అడిగిందే. ఈ మాట కింద పనోళ్ళతో అంటారండి, మీతో ఎవరన్నారు ఇలాగ అని. నాతో అందరూ అలాగే అన్నారు మరి! మా ఫోర్‌మేను రోజూ అన్నం డబ్బా పట్టుకొచ్చి పక్కన కూర్చుని మెషి కుత్తా కా అనేవాడు. సొంత తమ్ముడిలా చూస్తన్నాడనుకున్నాను. ఊరొచ్చి అందరికీ అదే చెప్పుకున్నాను. ఆవిడ చెప్పింది నిజమైతే, బుల్లీ, అన్నేళ్ళూ వాళ్ళు నన్ను ఏమని పిలిచినట్టు?"

జాలేసింది. కానీ నాకూ ఒక ప్రశ్న ఉంది.

"అది మీ సంగతి బాబాయిగారూ. మీ ఓడ, మీ స్నేహితులు. మధ్యలో నా బతుకు ఎందుకండీ?"

ఆయన మళ్ళీ రెక్క చేతిలోకి తీసుకున్నారు. పిన్ని, "లోపలికి రావే, మంచినీళ్ళు తాగు," అంది. నేను వెనక్కి తిరిగి మా ఇంటికి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్న నేను రాజమండ్రి డ్యూటీకి బయల్దేరుతుంటే ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"బయల్దేరారాండి?" అన్నారు.

నా వెనక ఎవరైనా ఉన్నారేమో అని తిరిగి చూశాను. ఎవరూ లేరు. నన్నే. చేతుల్లో ఎత్తుకుని కాలవ గట్టున తిప్పిన మనిషి నన్ను మీరు అంటున్నారు. ఆ రోజు నుంచి అంతే. "బాగున్నారా అమ్మా?" "ఆయ్, అలాగేనండి." బుల్లీ అన్న మాట మళ్ళీ ఆయన నోట రాలేదు. నాకు తగిలిన దెబ్బలన్నిటిలోకీ ఇదే గట్టిది. ఆయన క్షమాపణ చెబుతున్నారో, దూరం పెడుతున్నారో నాకు తెలియలేదు. అడగాలనిపించలేదు.

మేడంని మాత్రం ఒకసారి అడిగాను. సొంత మనిషితో కూడా అలా మాట్లాడతారా అండి అని.

"ఎందుకు మాట్లాడరండీ. కిందవాడితోనూ అదే మాట, ప్రాణ స్నేహితుడితోనూ అదే మాట. ఏదో తెలియాలంటే గొంతు వినాలి. ఆ గొంతు మనం వినలేదు కదండీ."

ఇంకో మాట కూడా అన్నారు. "మీకు నోరు విప్పడానికి భయం లేదండి. నా దగ్గర ఏళ్ళు కూర్చున్నవాళ్ళకి కూడా ఆ ధైర్యం రాదు. అది నేను నేర్పింది కాదు." రాత పరీక్ష పాసయ్యాను. మర్యాద మాట వచ్చింది. పిలుపు మాత్రం ఇంతవరకూ మళ్ళీ రాలేదు. ఎదురు చూస్తున్నాను.

మేడం చెప్పిన సంగతి బాబాయిగారికి చెప్పాను. కోపం ఉన్నా అది దాచుకోవడం న్యాయం కాదనిపించింది. వీధిలో ఎదురైనప్పుడు ఆగి చెప్పాను. స్నేహితులు కూడా అలాగే మాట్లాడుకుంటారటండి, గొంతుని బట్టి తెలుస్తుందటండి అని. ఆయన తల వంచుకుని విన్నారు.

"గొంతులు నాకు గుర్తులేవమ్మా," అన్నారు. "ఇంజను చప్పుడే గుర్తుంది."

పోయారని తెలిసి నేను వెళ్ళేసరికి బాబాయిగారిని అరుగు మీదే పడుకోబెట్టారు. పిన్ని నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఏడవలేదు. "నీతో పాఠం ఆగిపోయాక ఆ భాష మళ్ళీ ఒక్క ముక్క మాట్లాడలేదే. నిద్దట్లో కూడా కలవరించలేదు," అంది. నేను లేచాను. ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాను. ఇంకా మనసు కుదుటపడలేదు. ఆయన ఉండగా ఒక్కసారి, తప్పయిపోయిందే బుల్లీ అని ఉంటే సరిపోయేది. ఇప్పుడు నా కోపానికి ఎదురుగా మనిషి లేడు.

ఆయన్ని బతికుండగా చివరిసారి చూసింది మా ఊరి బస్టాండులో. ముహూర్తాల రోజులు, బస్సు ఆగకముందే జనం ఎగబడుతున్నారు. నేను రాజమండ్రి బస్సు కోసం నిలబడి ఉంటే ఆయన ఎక్కడి నుంచో వచ్చి, కదులుతున్న బస్సు పక్కన నడుస్తూ, భుజం మీది తువ్వాలు తీసి కిటికీలోంచి సీటు మీద వేశారు. నేను ఎక్కి చూస్తే కిటికీ పక్క సీటు, దాని మీద పచ్చంచు తువ్వాలు. కూర్చున్నాను. ఆయన కిటికీ కింద నిలబడి పైకి చూస్తున్నారు. ఆయన ఎక్కాల్సింది వేరే బస్సు.

డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. బాబాయిగారి పెదాలు కదిలాయి. తువ్వాలు ఇమ్మన్నారో, జాగ్రత్తగా వెళ్ళిరండి అన్నారో, ఆ భాషలోనే ఏదైనా అన్నారో, ఆ చప్పుడులో నాకు వినపడలేదు. వంగి, "ఏంటండీ?" అన్నాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. ఆయనకీ వినపడలేదు. బస్సు కదిలింది. ఆయన రెండడుగులు బస్సుతో పాటు నడిచి, చెవి దగ్గర చెయ్యి అలాగే ఉంచుకుని ఆగిపోయారు. తువ్వాలు నా ఒళ్ళోనే ఉండిపోయింది.